మా తోడికోడలు చావనివ్వని మనిషి

మా తోడికోడలికి నవలలంటే ప్రాణమని వీధిలో చెప్పుకుంటారు. వాళ్లకేం తెలుసు? దానికి నవలలంటే కోపం. ప్రాణమే అయితే చదివి పక్కన పడేసి హాయిగా నిద్రపోయేది. కోపం కాబట్టే ఒకటి పూర్తికాగానే ఇంకొకటి తెచ్చుకుని, మొదటి పేజీ నుంచే రాసినవాడితో తగువు మొదలుపెడుతుంది. ఇంటికి చిన్నకోడలు కాబట్టి దాన్ని మేమంతా చిన్నది అంటాం. జుట్టు సగం నెరిసినా పని దగ్గర కూడా ఆ పేరే ఉండిపోయింది.

దాని గురించి నేనెందుకు రాయాలని అడిగేవాళ్లుంటారు. నేను బడికి వెళ్లింది తక్కువే. కూడబలుక్కుని చదువుతాను, మెల్లగా రాస్తాను. కానీ పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు రాసిన పుస్తకాలు ఇన్నేళ్లుగా నా చెవిన పడుతూనే ఉన్నాయి. రాయడానికి చదువు ఒక్కటే చాలదని ఆ పుస్తకాలే నాకు నేర్పాయి.

మాది చొక్కాలు కుట్టే కంపెనీ. కింద హాలంతా మిషన్లు. అక్కడ పక్క మనిషి గట్టిగా తుమ్మినా వినపడదు. పై గదిలో మేం ఆడవాళ్లం చాపల మీద వరసగా కూర్చుని కాజాలు కుడతాం, గుండీలు వేస్తాం. అంతా చేతిపని. చేతులకు తీరిక ఉండదు, చెవులు మాత్రం ఖాళీ.

చిన్నది మొదట్లో కింద మిషన్ మీదే ఉండేది. ఒకరోజు కాలరు కుడుతుంటే సూది దాని కుడిచేతి చూపుడువేలిలోకి దిగిపోయింది. గాయం మానింది గానీ వేలు మళ్లీ వంగలేదు. దానికి తోడు పక్క వేలూ బిగుసుకుపోయింది. సూది పట్టలేని చేతికి చొక్కాల కంపెనీలో ఏం పని? యజమాని మంచివాడు. మంచివాడు కాబట్టి పొమ్మని అరవలేదు, మెత్తగా పొమ్మన్నాడు.

అప్పుడు మా అందరిలోకీ పెద్దదైన కళ్లజోడమ్మ యజమాని ముందుకు వెళ్లి నిలబడింది. "ఆ పిల్ల వంతు మేం కుట్టిపెడతాం. అది మా మధ్య కూర్చుని ఏదో ఒకటి చదివి వినిపిస్తుంది. మీ చొక్కాలు మీకొస్తాయి. మీకేం నష్టం?" అంది. ఆయన ఆలోచించి చూస్తే ఆయనకేం నష్టం కనపడలేదు.

అప్పటినుంచీ అదే పద్ధతి. పొద్దున్నే చిన్నదాని పేర వచ్చే చొక్కాల మూటను గది మధ్యలో పెడతారు. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ కూర్చోబోయే ముందు అందులోంచి ఒక చొక్కా తీసి తన మూటలో కలుపుకుంటుంది. ఎవరూ అడగరు, ఎవరూ గుర్తుచేయరు. మూట ఖాళీ అయ్యాక చిన్నది గొంతు సవరించుకుని పుస్తకం తెరుస్తుంది. బరువులు మోసీ మోసీ నడుము పోయి మా మరిది ఇంట్లో కూర్చున్నాక, ఆ ఇద్దరి కడుపులు నిండుతున్నది దాని గొంతు వల్లే.

మొదట్లో సంసారాల కథలు చదివేది. "సంసారం ఇంటి దగ్గర ఉండనే ఉంది, ఇక్కడ కూడా అదేనా?" అని పెద్దనోరు గొడవ చేసింది. పెద్దనోరు అంటే మా గదిలో కిటికీ పక్కన కూర్చునే మనిషి. పేరు చూస్తేనే తెలుస్తుంది, వేరే చెప్పనక్కర్లేదు. అప్పటినుంచి అద్దె పుస్తకాల కొట్లో కొత్తగా వచ్చినవే తెప్పించుకున్నాం. కొట్టువాడు వాటిని థ్రిల్లర్లు, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అని మూడు అరల్లో సర్దుతాడు. మాకు మాత్రం అవి హత్యల పుస్తకాలు, ఆకాశం పుస్తకాలు, కత్తుల పుస్తకాలు.

చిన్నది ఊరికే చదివిపోయే రకం కాదు. అధ్యాయం అయిపోగానే పుస్తకాన్ని ఒళ్లో బోర్లించి తీర్పు చెబుతుంది.

"హత్యల పుస్తకం తెరిస్తే చాలు, మొదటి పేజీలోనే ఒక ఆడపిల్ల చచ్చి పడుంటుంది. ఆ పిల్ల ఏం పని చేసేదో, ఎవరితో పోట్లాడేదో, దేనికి నవ్వేదో ఒక్క ముక్క ఉండదు. ఒంటి మీద గుడ్డ ఎంతవరకు జారిందో మాత్రం కొలిచి రాస్తాడు. ఆపైన దిగులంతా ఇన్‌స్పెక్టర్‌ది. పెళ్లాం వదిలేసిందట. నిద్ర పట్టదట. చీకట్లో కూర్చుని కాఫీ తాగుతాడట. ఒరేయ్, చచ్చింది నువ్వా, ఆ పిల్లా?"

"ఇంకోటి మర్చిపోయావు," అనేది పెద్దనోరు. "ప్రతి అధ్యాయం చివరా తలుపు చప్పుడు. పేజీ తిప్పితే పిల్లి."

ఆకాశం పుస్తకాల మీద దాని కోపం వేరే. "భూమి పాడైపోయిందని ఊళ్లకు ఊళ్లు ఓడెక్కి ఇంకో గ్రహానికి పోతారు. ఆ ఓడలో వంట ఎవరు చేస్తున్నారు? పసిపిల్లల గుడ్డలు ఎవరు ఉతుకుతున్నారు? రాయడు. మీట నొక్కితే అన్నీ అయిపోతాయట. ఆ మీట చెడిపోతే బాగుచేసేవాడు ఎక్కడ పడుకుంటాడో అది కూడా రాయడు. పైగా యంత్రానికి మనసొచ్చిందట! మనసొచ్చిన యంత్రం మొట్టమొదట ఏం అడుగుతుంది? సెలవు అడుగుతుంది. వీడి యంత్రం ప్రేమ కావాలని ఏడుస్తుంది. ఒళ్లొంచి ఒక్క పూట పనిచేయనివాడు రాశాడని అక్కడే తెలిసిపోవట్లా?"

కత్తుల పుస్తకాలైతే ఇక చెప్పక్కర్లేదు. "గుర్రాల సాల కడిగేవాడు రాక్షసుల్ని గెలుస్తాడు. బాగుంది, గెలవనీ. ఆఖరికి వాడు సాల కడిగేవాడు కాదు, రాజుగారి తప్పిపోయిన బిడ్డ అని తేలుస్తాడు. తేలకపోతే ఏం? సాల కడిగేవాడికి ధైర్యం ఉండకూడదా? దానికి కూడా పుట్టుమచ్చ చూపించాలా?"

నేను దాని మాటలన్నిటికీ తలూపే మనిషిని కాదు. కత్తుల పుస్తకాల్లో నిప్పులు కక్కే పాము ఉంటుంది కదా, అది నాకు నచ్చింది. అనవసరంగా మాట్లాడదు. విసుగొస్తే ఊరు తగలబెట్టి మళ్లీ గుహలోకి పోయి పడుకుంటుంది. ఆ మాట అంటే గదిలో అందరూ నన్ను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. ఎందుకు నవ్వారో నాకు తెలియకపోలేదు.

ఇలా ఉండగా నల్లట్ట పుస్తకం వచ్చింది. హత్యల పుస్తకమే. ఒక పెద్ద హోటల్లో హత్య జరుగుతుంది. గదులు తుడిచే మనిషి ఏదో చూడకూడనిది చూస్తుంది. దుప్పట్లు పెట్టే గదిలో హంతకుడు ఆమె మీద పడతాడు. ఆమె వాడి చెయ్యి కొరికి, మురికి దుప్పట్లను కిందికి వదిలే గొట్టంలోకి దూకి, జారుకుంటూ పోయి ఉతికే గుడ్డల కుప్ప మీద పడుతుంది. అది విని మా గదంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. అక్కణ్ణుంచి ఆ మనిషిదే రాజ్యం. పక్క నలిగిన తీరు చూసి ఎంతమంది పడుకున్నారో చెబుతుంది. సబ్బు అరిగిన లెక్క చూసి ఎప్పుడు ఖాళీ చేశారో చెబుతుంది. తుడిచిన నేల మీద బూట్లతో నడిచాడని ఇన్‌స్పెక్టర్ని గుమ్మంలోనే నిలబెట్టి దులిపేస్తుంది. పెద్దనోరు ఇంట్లో మొగుణ్ణి కూడా ఆ మాటలతోనే తిట్టడం మొదలుపెట్టింది. దాని చెల్లెలు ఒక హోటల్లో అదే పని చేస్తుంది లెండి.

"వీడెవడో గానీ తిండి పెట్టే చేతుల్ని చూసినవాడు," అన్నాను నేను. నేను ఒక పుస్తకాన్ని మెచ్చుకోవడం అంటే మాటలు కాదు. చిన్నది తల దించుకుని పేజీ తిప్పింది. సిగ్గు అనుకున్నాను.

ఆ సాయంత్రం కథలో మా మనిషి, ఆ గదులు తుడిచేది, తాళాల గుత్తి కొట్టేసి, ఎప్పుడూ మూసి ఉండే పై అంతస్తు గది ముందుకు చేరింది. లోపల ఎవరో దగ్గారు. అంతే, పని వదిలే వేళ అయిందని చిన్నది పుస్తకం మూసేసింది.

మర్నాడు యజమానికి ఒంట్లో బాగాలేదని ఆయన అల్లుడు కంపెనీకి వచ్చాడు. మేం అల్లుడుగారు అంటాం, ఆ గారు ఎలా పలుకుతామో వింటే మా గౌరవం తెలుస్తుంది. మేం ఎప్పటిలాగే చొక్కాలు తీసుకుని కూర్చున్నాం. చిన్నది పుస్తకం తెరవబోతుంటే ఆయన ఒక స్పీకరు పెట్టె చంకన పెట్టుకుని పైకొచ్చాడు.

"అమ్మా, ఇది చూడండి. ఫోన్లో నొక్కితే పుస్తకం అదే చదువుతుంది. ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు. వెనక సంగీతం కూడా. ఇకమీదట ఆ చిన్నమ్మగారి మూట మీరు కుట్టనక్కర్లేదు. ఆ వేళలో మీ చొక్కాలు మీరు కుట్టుకుంటే ఆ కూలీ మీదే కదా."

"మరి దాని సంగతి?" అంది కళ్లజోడమ్మ.

"ఆవిడ మూట ఆవిడే కుట్టుకోవచ్చు. చేతకాకపోతే ఇంటిపట్టున ఉండొచ్చు. నా బలవంతం ఏమీ లేదండీ. రేపు పొద్దున మూట అక్కడే పెట్టిస్తాను. తీయడం, తీయకపోవడం మీ ఇష్టం."

ఎంత తెలివి చూడండి! చిన్నదాన్ని గెంటే పాపం కూడా మా చేతే చేయించాలని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే పెద్దనోరు అందుకుంది. "అదంతా తర్వాత. ముందు ఆ నల్లట్ట పుస్తకం ఉందా దాంట్లో? తలుపు వెనక దగ్గింది ఎవరో తెలియక రాత్రి అన్నం సయించలేదు."

ఉందట. పెట్టాడు. మొదటినుంచి మొదలైంది.

వినడానికి బాగానే ఉందని ఒప్పుకోవాలి. తలుపు కిర్రుమంటే నిజంగానే కిర్రుమంది. దుప్పట్ల గది వచ్చింది. హంతకుడు వచ్చాడు. "ఇప్పుడు కొరుకుతుంది చూడండి," అంది పెద్దనోరు సూది పైకెత్తి. కొరకలేదు. పెట్టెలోంచి ఒక అరుపు, తర్వాత వాయులీనాలు. మర్నాడు దుప్పట్ల మధ్య శవం దొరికిందని చెప్పి, పెట్టె ఇన్‌స్పెక్టర్ కాఫీ దగ్గరికి వెళ్లిపోయింది.

"గొట్టం ఏదీ?" అన్నారెవరో.

"వస్తుంది, ఉండండి. కొనఊపిరితో ఉండి లేస్తుందేమో."

ఒక అధ్యాయం చూశాం. ఇంకొకటి చూశాం. లేవలేదు. మా మనిషి ఊసే లేదు. నాకు విషయం అర్థమైపోయింది. పెట్టె పేజీలు మింగేసింది! చవకబారు సరుకు అలాగే ఉంటుంది. మెట్ల దగ్గరికి వెళ్లి కింద హాలంతా వినపడేలా కేకేశాను. "అల్లుడుగారూ! ఒకసారి ఇలా వస్తారా?"

వచ్చాడు.

"మీ పెట్టె దొంగ పెట్టె. సగం పుస్తకం కొని మా నెత్తిన రుద్దుతున్నారా?"

"అది పూర్తి నవలేనండీ."

"పూర్తిదైతే గదులు తుడిచే ఆవిడేదీ? గొట్టంలోంచి జారిందేదీ? ఇన్‌స్పెక్టర్ని గుమ్మంలో నిలబెట్టి కడిగేసిందేదీ? మేమేమన్నా చెవిటివాళ్లమా? ఇంతమందిమి విన్నాం. చదివిన మనిషి అదిగో, అక్కడే ఉంది, అడగండి!"

అందరూ నాకు వంత పాడారు. చిన్నది మాత్రం నేలచూపులు చూస్తోంది. ఆయన నేరుగా వెళ్లి దాని సంచిలోంచి నల్లట్ట పుస్తకం తీశాడు. పేజీ వెతికి నా చేతికిచ్చాడు.

"మీరే చదవండి. చదవడం వచ్చుగా."

ఆ 'గా' ఉంది చూశారా, దాన్ని నేను చచ్చేదాకా మర్చిపోను. అంతమందిలో నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. దుప్పట్ల మధ్య పనిమనిషి శవం. అంతే. ఆమెకు పేరు కూడా లేదు. తర్వాతి పేజీలు తిప్పాను. ఎక్కడా లేదు. తలెత్తి చూస్తే అల్లుడుగారు నవ్వుతున్నాడు. పుస్తకం ఆయన చేతిలో పెట్టకుండా కిందపడేసి వచ్చి నా చాప మీద కూర్చున్నాను.

ఆ సాయంత్రం నేను ముందు, అది వెనక ఇంటికి నడిచాం. మాది ఒకే వంటిల్లు. నేను పొయ్యి దగ్గర, అది కత్తిపీట దగ్గర. గిన్నె దించిన చప్పుడుకే మా మరిది కంచం పుచ్చుకుని వీధి అరుగు మీదికి తప్పుకున్నాడు.

"నోట్లో ఏం పెట్టుకున్నావే అక్కడ?" అన్నాను.

"ఏం చెప్పమంటావక్కా?"

"నేను వాణ్ని పట్టుకుని దొంగ, దొంగ అంటుంటే, వెనకనుంచి వచ్చి నా చెయ్యి గిల్లితే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు నోరు తెరిచాక గిల్లితే ఆగుతావా? ఇన్నేళ్లలో నిన్ను ఎవరు ఆపగలిగారో చెప్పు."

"మాట మార్చకు. మా అందరి చెవుల్లో పువ్వులు పెట్టావు!"

"పెట్టాను." కత్తిపీట పక్కకు తోసింది. దాని గొంతు అలా లేవడం నేను ఎప్పుడూ వినలేదు. "రెండో అధ్యాయంలో చంపేశాడక్కా. పేరు కూడా పెట్టకుండా చంపేశాడు. ఇన్‌స్పెక్టర్ తాగే కాఫీకి మాత్రం అరపేజీ. ఎదురుగా పెద్దనోరు కూర్చుని ఉంది. దాని చెల్లెలు ఇదే పని చేస్తోంది. దాని ముఖం చూస్తూ ఆ చావు ఎలా చదవను? ఒక్క పేజీ బతికిద్దాం, తర్వాత నెమ్మదిగా వదిలేద్దాం అనుకున్నాను. గొట్టంలోంచి బయటపడ్డాక అది నా మాట వినలేదు."

"ఇదొక్కటేనా? ఇంకా ఉన్నాయా?"

చిన్నది తరిగిన ముక్కల్ని గిన్నెలో వేసింది.

"ఇంకో ఆకాశం పుస్తకంలో యంత్రం సెలవు కావాలని ఓడ ఆపేసింది. నేను తెగ మెచ్చుకున్నాను."

"నాదే."

"ఇంకో కత్తుల పుస్తకంలో సాల కడిగేవాడు రాజుగారి బిడ్డ కాదని తేలి, కిరీటం వద్దు పొమ్మన్నాడు?"

"అదీ నాదే."

ఒళ్లు ఇంకా మండింది. ఇన్నేళ్లుగా ఆ రాసినవాళ్లను మెచ్చుకుంటూ వచ్చాను. ఎవడికో వేయవలసిన దండ ఇంట్లో కూరగాయలు తరిగేదాని మెడలో పడిందన్నమాట. అదీ నాకు చెప్పకుండా!

"మరి నిప్పులు కక్కే పాము?" అన్నాను.

"అది వాళ్లదే అక్కా. నేనేం చేయలేదు."

ఆ ఒక్క ముక్కా లేకపోతే ఆ రాత్రి ఇల్లు రెండుగా చీలేది.

"మోసం మోసమేనే," అన్నాను.

"మోసమే. కాదన్నానా? మరి వాళ్లు చేసేదేంటి? రాసే చెయ్యి కదా, చంపడానికి ఎవరు దొరుకుతారా అని చూస్తే ఎప్పుడూ మనలాంటివాళ్లే దొరుకుతారు. ఓడ మునిగితే అడుగున పనిచేసేవాళ్లు, యుద్ధమైతే వంటవాళ్లు, హత్యకు సాక్షి కావాలంటే గదులు తుడిచేది. కథ కదలడానికి మనం చావాలి. నేను చావనివ్వలేదు. అంతే నేను చేసింది."

నేను పొయ్యి మీది గిన్నెను ఇంకాస్త గట్టిగా దించాను.

పొద్దున్నే మూట గది మధ్యలో ఉంది. పెట్టె అప్పటికే ఏదో ఆకాశం పుస్తకం చదువుతోంది. కళ్లజోడమ్మ వచ్చింది. మూటను చూసింది, పక్కనుంచి నడిచి వెళ్లి కూర్చుంది. తర్వాతి మనిషీ అంతే. పెద్దనోరు మూట ముందు నిలబడి అందరికీ వినపడేలా, "ఇన్నాళ్లూ నోళ్లు తెరుచుకుని విన్నాం కదా, వెర్రిమొహాలం!" అని, చీర అంచు కూడా తగలకుండా దాటుకుపోయింది.

నేనూ తీయలేదు. పదిమందిలో నా చేత అక్షరాలు కూడబలికించినందుకు తీయలేదు. సొంత తోడికోడలివి, నువ్వైనా తీయాల్సింది అని తర్వాత చాలామంది అన్నారు. సొంతమనిషి కాబట్టే తీయలేదు. పరాయిదైతే మొహమాటానికైనా తీసేదాన్ని. ఆ పొద్దున నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అంటాను.

అందరూ కూర్చున్నాక చిన్నది వచ్చింది. మూట నిండుగా ఉండటం చూసింది. ఎవరి ముఖమూ చూడలేదు. మూటను తన చాప దగ్గరికి లాక్కుని, పై చొక్కా తీసి, సూదికి దారం ఎక్కించడం మొదలుపెట్టింది. బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య సూది నిలవదు. పడిపోతుంది. వెతికి తీస్తుంది. మళ్లీ ఎక్కిస్తుంది. ఆఖరికి ఎక్కింది. గుండీ పెట్టి గుచ్చితే సూది పక్కకు పోయి గుడ్డ ముడుచుకుంది. విప్పి మళ్లీ కుట్టింది. ఆ గుండీ ఊడబోయే పన్నులా వేలాడింది. మా మూటల్లో చొక్కాలు ఒక్కొక్కటిగా తెమిలిపోతున్నాయి. దాని చేతిలో ఇంకా అదే చొక్కా. ఆ మూట సాయంత్రానికి కాదు కదా, వారానికి కూడా కాదని గదిలో అందరికీ తెలుసు. కాకపోతే మర్నాటినుంచి ఆ చాప ఖాళీ అనీ తెలుసు.

పెట్టె తన ధోరణిలో తను చదువుకుపోతోంది. ఓడలో ఎవరో ఒక ముసలాయన కూతురితో మాట్లాడుతున్నాడు.

"ఆగాగు," అంది పెద్దనోరు. "ఇందాక చచ్చిపోయాడన్నారుగా ఈయన? మళ్లీ ఎలా వచ్చాడు?"

పెట్టె ఆగలేదు.

"నిన్నే అడిగేది!"

ముసలాయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దనోరు ముఖం ముడుచుకుని కాసేపు కుట్టింది. తర్వాత తల ఎత్తకుండానే, "ఏమే చిన్నదానా," అంది, "ఆ తలుపు వెనక దగ్గింది ఎవరే?"

"పుస్తకంలో ఆ తలుపే లేదుగా. పెట్టెనడుగు."

"పెట్టెకేం తెలుసు? తెలిస్తే నీ ముఖం ఎందుకు చూస్తాను?"

"నాకు పనుంది."

"అబ్బో, పని! నువ్వూ వాళ్లలాగే తలుపు దగ్గర ఆపి చక్కాపోయావు. దిగమింగుకోలేక చస్తున్నాం ఇక్కడ."

కళ్లజోడమ్మ కళ్లద్దాల మీదనుంచి చూసింది. "అసలు నీకు తెలుసా ఎవరో? నోటికొచ్చింది అల్లేసి, ముందుకు పోలేక ఆపేశావా?"

ఆ మాట దానికి తగిలింది. సూది పక్కన పెట్టింది. "తెలుసు పెద్దమ్మా. ఆమె తాళాలు తీసుకోకముందే తెలుసు."

"అయితే చెప్పు."

"మూట అయ్యాక చెబుతాను."

గదిలో అందరి చూపులూ మూట మీద పడ్డాయి.

ముందు లేచింది పెద్దనోరే. విసవిసా వచ్చి మూటలోంచి ఒక చొక్కా లాక్కుంది. "మోసగత్తెవి నువ్వు. నిన్ను క్షమించానని కలలో కూడా అనుకోకు. తలుపు సంగతి తేలాక నీ సంగతి చెబుతాను." వెనకే ఇంకొకామె, "అబద్ధాల పుట్ట!" అంటూ ఇంకొకటి తీసింది. "చదువుకున్న పొగరు" అని ఒకామె, "మా పిల్లలకి కూడా చెప్పుకున్నానే ఆ యంత్రం కథ, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకోను?" అని ఇంకొకామె. తలా ఒక తిట్టు ఇచ్చి తలా ఒక చొక్కా పుచ్చుకున్నారు. కళ్లజోడమ్మ మాత్రం ఏమీ అనకుండా తీసుకుని, పోతూ పోతూ పెట్టె తీగ ఊడబీకింది.

మిగిలింది చిన్నదాని ఒళ్లో ఉన్న ఆ ముడతల చొక్కా ఒక్కటే. అందరూ నా వైపు తిరిగారు.

"నా వైపు చూస్తారేం? తలుపు వెనక ఎవరుంటే నాకేం?" అన్నాను.

"సరే అక్కా. నువ్వు చెవులు మూసుకో," అంది చిన్నది.

వేలాడుతున్న ఆ గుండీని చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. అలాంటి కుట్టు మా గదిలోంచి బయటికి పోతే పరువు ఎవరిది పోతుంది? చొక్కా లాక్కుని ఆ గుండీ తెంపి మళ్లీ వేయడం మొదలుపెట్టాను.

మెట్ల మీద కాపు వేసి ఉన్నాడేమో, పెట్టె గొంతు ఆగడం విని అల్లుడుగారు పైకొచ్చాడు. గది మధ్య ఖాళీ చూశాడు. తీగ చూశాడు. "ఎవరండీ ఆపింది?" అన్నాడు.

"చొక్కాలు తగ్గితే అడగండి. కథ తగ్గితే మేం చూసుకుంటాం," అన్నాను.

"నిన్న మీరే కదండీ ఆవిడ చేతిలో మోసపోయింది..."

"మోసపోయింది మేం. మీరు కాదుగా." ఆ 'గా' నాకూ వచ్చు.

ఆయన పెట్టె చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

చిన్నది ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుంది. నల్లట్ట పుస్తకం సంచిలోనే ఉంది, తీయలేదు. ఇక తీసి ఏం లాభం? తలుపు తెరుచుకుందని చెప్పింది. లోపల మంచం మీద ఒక ముసలామె. ఆ హోటల్లో ఎన్నో ఏళ్లు ఇదే పని చేసిన మనిషి. జీతం తీసుకుని ఊరెళ్లిపోయిందని హోటలువాళ్లు అందరికీ చెప్పిన మనిషి. ఆవిడ కూడా ఏదో చూసింది, అందుకే దాచారు.

"అయ్యో, బతికే ఉందా!" అంది పెద్దనోరు, ఎప్పటినుంచో ఎరిగున్న మనిషి గురించి అన్నట్టు.

వరండాలో అడుగుల చప్పుడు. ఇద్దరూ బయటపడాలి. మన మనిషి ముసలామెను భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచిందని చెప్పింది చిన్నది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మెట్లేంటే, బుద్ధి ఉందా దానికి? కింద అందరూ కూర్చునే చోటికి తిన్నగా పోయి నిలబడుతుంది. వంటింట్లోంచి పొమ్మను. అంత పెద్ద హోటలుకి వంటింటి వెనక తలుపు ఉండదా?"

చిన్నది ఆగిపోయింది. నా వైపు చూసింది. "ఆ తలుపు తీసి ఉంటుందంటావా అక్కా?"

"చెత్త బయట పడేయాలా వద్దా? తీసే ఉంటుంది."

"వంటవాళ్లు చూడరూ?"

"చూస్తారు," అంది కళ్లజోడమ్మ, సూదికి దారం ఎక్కించుకుంటూ. "చూసినా చెప్పరు."

చిన్నది కాసేపు ఆలోచించింది. తర్వాత వాళ్లిద్దరినీ మెట్ల దగ్గరనుంచి వెనక్కి తిప్పి, వంటింటి వైపు నడిపించింది.